నోరూరించేది ఒక్క నరం కాదు

ప్రాక్టికల్స్ రోజు మా కాలేజీ ల్యాబ్ బయట వరండాలో నిలబడ్డ పిల్లల చేతుల్లో రికార్డుతో పాటు నీళ్ళ సీసా కూడా ఉంటుంది. లోపలి నుంచి నంబరు పిలవగానే ఒక గుక్క తాగి వస్తారు. వైవాకు కూర్చున్నాక మళ్ళీ నాలుకతో పెదాలు తడుపుకుంటారు. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తున్న నాకు ఇది ఏటా కనిపించేదే.

మొన్నటి ప్రాక్టికల్స్‌లో ఒక అమ్మాయిని, మన ఆజ్ఞ లేకుండానే గుండెను, గ్రంథుల్ని నడిపే స్వయంచోదిత నాడీ వ్యవస్థ గురించి అడిగాను. అందులోని రెండు రకాల నరాల మీద పుస్తకంలో ఉన్న పట్టిక గడగడా అప్పజెప్పింది. సింపథెటిక్ నరం గుండె వేగం పెంచుతుంది, పారాసింపథెటిక్ తగ్గిస్తుంది. ఒకటి కంటిపాపను వెడల్పు చేస్తుంది, రెండోది చిన్నది చేస్తుంది. ఒకటి లాలాజలాన్ని ఆపుతుంది, రెండోది ఊరిస్తుంది. "ఆ చివరి లైను ఇంకొకసారి ఆలోచించమ్మా, లాలాజల గ్రంథి దగ్గర రెండూ ఊరించే నరాలే" అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, "సార్, మరి టెన్షన్ అయితే నోరు ఎండుకపోతది గదా. ఇప్పుడు నాది అట్లనే ఉంది. సింపథెటిక్ నరం బంద్ చేయకపోతే మరెవరు బంద్ చేసిన్రు?" అని అడిగింది.

పూర్తి మార్కులు వేసి పంపించాను. కానీ ఆ ప్రశ్నకు నిలబడి చెప్పే జవాబు లేదు. కూర్చుని, గ్రంథి లోపలి కణం దాకా వెళ్ళి, మళ్ళీ మెదడు దాకా తిరిగి వస్తేనే తెలుస్తుంది.

ముందు గ్రంథుల్ని చూద్దాం. ఇందుకు కోసి చూడక్కర్లేదు, ఒక అద్దం చాలు. వెలుతురులో నిలబడి నాలుకను పైకెత్తి కొనను అంగిటికి ఆనించండి. నాలుక కింద నడిమధ్యన సన్నని పొర ఒకటి నిలువుగా కనిపిస్తుంది. దాని మొదట్లో, కింది ముందుపళ్ళ వెనక, అటొకటి ఇటొకటి చిన్న బుడిపెలుంటాయి. శుభ్రమైన గుడ్డతో అక్కడి తడి అద్దేసి, నాలుక అంచున రెండు చుక్కల నిమ్మరసం వేయించుకోండి. రెండు మూడు సెకన్లలో ఆ బుడిపె మీద నీటి చుక్క ఉబ్బుతుంది, జారుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. కొందరికి సన్నని ధారగా చిమ్ముతుంది కూడా. మీరు ఆజ్ఞ ఇవ్వలేదు, ఆపాలన్నా ఆగదు. స్వయంచోదితం అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ బుడిపెల దగ్గర తెరుచుకునేది కింది దవడ లోపలి వైపు ఉండే అధోజంభిక గ్రంథి. నాలుక కిందే పరుచుకుని ఉండేది అధోజిహ్విక గ్రంథి. మూడోది, అన్నిటికన్నా పెద్దది, చెవి ముందు నుంచి దవడ మూల దాకా ఉండే పెరోటిడ్ గ్రంథి. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి చెంపలు ఉబ్బినవాళ్ళకు దాని చోటు చెప్పక్కర్లేదు, ఆ జబ్బులో వాచేది ముఖ్యంగా అదే. దాని గొట్టం చెంప లోపల, పై దవడలోని రెండో పెద్ద దంతానికి ఎదురుగా తెరుచుకుంటుంది. నాలుక కొనతో తడిమితే చిన్న మొటిమలా తగులుతుంది. పుల్లటి మామిడికాయ మొదటి ముక్క కొరకగానే చెవి కింద చురుక్కుమని గుంజినట్టు ఉంటుంది చూడండి, అది కూడా ఈ చుట్టుపక్కలి నుంచే. ఈ మూడు జతలు కాక పెదాల లోపల, చెంపల్లో, అంగిట్లో కలిపి 600 నుంచి 1000 దాకా చిట్టి గ్రంథులున్నాయి.

అన్నీ కలిపి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరిస్తాయి. ఏమీ తినకుండా ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.3 మిల్లీలీటర్ల చుట్టూ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం అధోజంభిక గ్రంథిదే. తినడం మొదలుపెట్టగానే పెరోటిడ్ అందుకుంటుంది, ఊట అనేక రెట్లు పెరుగుతుంది. నిద్రలో దాదాపు ఆగిపోతుంది. అందుకే రాత్రి పడుకునే ముందు పళ్ళు తోముకోవడం పొద్దున తోముకోవడం కన్నా ముఖ్యమని నేను పిల్లలకు చెప్తుంటాను. రాత్రంతా పళ్ళను కడిగే నీళ్ళు ఉండవు.

ఇక నరాలు. పారాసింపథెటిక్ నరాలు మెదడు కింది భాగమైన మెదడు కాండంలో మొదలవుతాయి. అక్కడ లాలాజలం కోసమే రెండు నాడీ కేంద్రాలున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. పై కేంద్రం నుంచి బయలుదేరే తీగ ఏడో కపాల నాడిలో కలిసి, మధ్య చెవిలో కర్ణభేరి వెనక నుంచి దాటుకుంటూ వచ్చి, నాలుక నరంతో జతకట్టి అధోజంభిక, అధోజిహ్విక గ్రంథులకు చేరుతుంది. ఆ మధ్య చెవి దారిలోని తీగ పేరు కార్డా టింపని. చెవి ఆపరేషన్‌లో ఈ తీగ దెబ్బతింటే నాలుక ఒక పక్క రుచి మారిపోతుంది, ఆ పక్క అధోజంభిక గ్రంథి ఊట కూడా తగ్గుతుంది. చెవికి చేసిన ఆపరేషన్‌తో నోటి రుచి ఎందుకు పోయిందో అర్థంకాక కంగారుపడేవాళ్ళకు ఈ దారి తెలిస్తే సగం భయం తగ్గుతుంది. కింది కేంద్రం నుంచి వచ్చే తీగ తొమ్మిదో కపాల నాడి గుండా చుట్టూ తిరిగి పెరోటిడ్‌కు వెళ్తుంది.

సింపథెటిక్ నరాల దారి వేరు. అవి తల నుంచి రావు. ఛాతీ పై భాగంలోని వెన్నుపాము నుంచి బయలుదేరి, మెడలోకి ఎక్కి, అక్కడ దవడ కింద ఉండే ఒక నాడీ ముడి దగ్గర తీగ మారి, రక్తనాళాల గోడల్ని పట్టుకుని గ్రంథుల్లోకి పాకుతాయి. మన పుస్తకాల్లో వీటిని సహానుభూత, సహసహానుభూత అని రాస్తారు. ఆ పేర్లు వినగానే పిల్లలు తడబడతారు కాబట్టి నేను సింపథెటిక్, పారాసింపథెటిక్ అనే అంటాను.

రెండు నరాలూ ఒకే గ్రంథికి ఎందుకు వస్తాయన్న ప్రశ్న పాతదే. 1850 ప్రాంతంలో కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కుక్క గ్రంథి నరాన్ని కరెంటుతో ప్రేరేపించి, గొట్టంలో లాలాజలం పీడనం ఎంతుందో కొలిచాడు. అది గ్రంథికి వచ్చే రక్తం పీడనం కన్నా ఎక్కువగా తేలింది. అప్పటిదాకా లాలాజలం అంటే రక్తం నుంచి వడగట్టుకుని దిగే నీరనే అనుకునేవారు. వడపోతే అయితే దిగే నీటి పీడనం పై నీటి పీడనాన్ని ఎట్లా మించుతుంది? గ్రంథి కణాలే శక్తి ఖర్చుపెట్టి నీటిని తోడుతున్నాయని, వాటికి హుకుం ఇచ్చేది నరమని అప్పుడు తేలింది. మరికొన్నాళ్ళకు హైడెన్‌హైన్ అనే ఆయన రెండు నరాల ఊటనూ పోల్చి చూశాడు. కార్డా టింపనిని ప్రేరేపిస్తే పల్చటి నీళ్ళ లాంటి లాలాజలం బాగా వచ్చింది. సింపథెటిక్‌ను ప్రేరేపిస్తే కొద్దిగానే వచ్చింది, కానీ చిక్కగా. గమనించండి, రెండో నరం ఆపలేదు. దాని పద్ధతిలో అదీ ఊరించింది. నూటయాభై ఏళ్ళ కిందటే కళ్ళముందు కనిపించిన ఈ సంగతి ఇంకా మన పట్టికల్లోకి ఎక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది. 'స్వయంచోదిత నాడీ వ్యవస్థ' అని మనం అనువదించుకున్న ఇంగ్లిష్ పేరును 1898లో పెట్టిన లాంగ్లీ కూడా యువకుడిగా ఉన్నప్పుడు పిల్లుల లాలాజలం మీదే పనిచేశాడు.

ఇప్పుడు కణం దగ్గరికి పోదాం. అసలు విషయమంతా అక్కడే ఉంది.

గ్రంథిని మైక్రోస్కోపు కింద చూస్తే ద్రాక్ష గుత్తిలా ఉంటుంది. ఒక్కో ద్రాక్షపండు కణాల గుంపు, మధ్యలో చిన్న ఖాళీ, అక్కడి నుంచి కాడలాగా ఒక గొట్టం. ఈ కణాలకు రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి నీటిని తోడడం. రెండోది అమైలేజ్ లాంటి ఎంజైములు, మ్యూసిన్ అనే జిగురు, క్రిముల్ని అడ్డుకునే ప్రొటీన్లను అందులో కలపడం. లాలాజలంలో 99 శాతం పైన నీరే, ఆ మిగిలిన కాస్తలోనే జిగురు, అరిగించే శక్తి, పళ్ళను కాపాడే గుణం ఉన్నాయి. వ్యవసాయం ఇంట్లో పెరిగినవాడిని కాబట్టి నాకు ఈ రెండు పనులూ వెంటనే బావి మీది మోటారు, ఇంట్లోని గుమ్మి గుర్తుకు తెస్తాయి. నీళ్ళు మోటారు నడిచినంతసేపే వస్తాయి, ఎక్కడా దాచిపెట్టి లేవు. ప్రొటీన్లు అట్లా కాదు. కణం తీరిక ఉన్నప్పుడు వాటిని తయారుచేసి చిన్న చిన్న సంచుల్లో నింపి గొట్టం వైపు పేర్చి పెట్టుకుంటుంది, గుమ్మిలో వడ్లు పోసుకున్నట్టు. అవసరం పడ్డప్పుడు సంచి నోరు విప్పుతుంది. మోటారు స్విచ్ ముఖ్యంగా పారాసింపథెటిక్ చేతిలో ఉంది. గుమ్మి మూత ముఖ్యంగా సింపథెటిక్ చేతిలో ఉంది.

మోటారు ఎట్లా తిరుగుతుందంటే: పారాసింపథెటిక్ నరం కొస నుంచి ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం వెలువడి, కణం పైపొర మీదున్న మస్కరినిక్ గ్రాహకానికి తగులుకుంటుంది. వాటిలో ఎం-3 అనే రకానిదే ఇక్కడ పెద్ద పాత్ర. తాళంలో చెవి తిరిగినట్టు లోపల ఒక వరుస కదులుతుంది, చివరకు కణం తన లోపలి గదుల్లో బంధించి పెట్టుకున్న కాల్షియాన్ని వదులుతుంది. ఊరికే ఉన్న కణం లోపలి ద్రవంలో కాల్షియం బయట ఉన్నదానిలో పదివేల వంతు మాత్రమే. అంత కరువు ఉన్న చోట కొద్దిగా పెరిగినా పెద్ద కబురే. ఆ కబురు అందగానే కణం గొట్టం వైపు గోడలో క్లోరైడ్ దారులు తెరుచుకుంటాయి, వెనక గోడలో పొటాషియం దారులు తెరుచుకుంటాయి. క్లోరైడ్ రుణావేశంతో గొట్టంలోకి దూకుతుంది, దాన్ని వెతుక్కుంటూ సోడియం కణాల మధ్య సందుల్లోంచి వస్తుంది. రెండూ కలిస్తే ఉప్పే కదా. ఉప్పు ఎక్కడికి పోతే నీరు అక్కడికి పోతుంది. వానకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఆ నీరు వేగంగా దాటడానికి అక్వాపోరిన్-5 అనే ప్రత్యేకమైన నీటి తూములు గోడలో ఉన్నాయి. ఈ అక్వాపోరిన్ల జాతిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది.

అంటే కణం నేరుగా నీటిని తోడదు. ఉప్పును అటు పంపుతుంది, నీరు దాని వెంట పోతుంది. మరి మన ఉమ్మి ఉప్పగా ఎందుకు లేదు? ఎందుకంటే కాడలాంటి ఆ గొట్టం గుండా వచ్చేటప్పుడు, గొట్టం గోడ కణాలు ఉప్పును వెనక్కి లాక్కుంటాయి. కానీ నీటిని మాత్రం వెనక్కి పోనివ్వవు. రక్తంలో సోడియం లీటరుకు 140 మిల్లీమోల్స్ దాకా ఉంటుంది, నింపాదిగా ఊరే లాలాజలంలో సాధారణంగా అందులో పదో వంతు కూడా ఉండదు. ఇది మనకు చాలా పెద్ద మేలు. నోరు ఎప్పుడూ ఉప్పగానే ఉంటే పప్పులో ఉప్పు తక్కువైందని నాలుక ఎట్లా పట్టుకుంటుంది? ఊట జోరుగా ఉన్నప్పుడు మాత్రం గొట్టానికి లాక్కునే సమయం చాలదు, అప్పుడు లాలాజలంలో ఉప్పు పెరుగుతుంది.

ఇక గుమ్మి మూత. సింపథెటిక్ నరం కొస నుంచి నార్‌ఎడ్రినలిన్ వెలువడి బీటా-1 గ్రాహకానికి తగులుకుంటుంది. ఇక్కడ కాల్షియం బదులు సైక్లిక్ ఏఎంపీ అనే మరో వార్తాహరుడు పెరుగుతాడు. అతడి మాట మీద ప్రొటీన్ సంచులు గోడ దగ్గరికి జరిగి, గోడతో కలిసిపోయి, సరుకు గొట్టంలో పోస్తాయి. అదే నార్‌ఎడ్రినలిన్ ఆల్ఫా-1 గ్రాహకాల మీద కూడా పనిచేసి కొంచెం కాల్షియాన్ని కదిలిస్తుంది. కాబట్టి మోటారు కూడా కాస్త తిరుగుతుంది. హైడెన్‌హైన్ చూసిన చిక్కటి, కొద్దిపాటి ఊట ఇదే. రెండు నరాలూ ఒక్కసారే పనిచేస్తే, విడివిడిగా వచ్చేదాన్ని కలిపిన మొత్తం కన్నా ఎక్కువ సరుకు వస్తుంది. కాల్షియం, సైక్లిక్ ఏఎంపీ ఒకదాని పనికి ఒకటి ఊతమిస్తాయి.

ఇది ల్యాబుకే పరిమితమైన సంగతి కాదు. మనం అన్నం తింటున్నప్పుడు రెండు నరాలూ పనిచేస్తూనే ఉంటాయి. పులుపు నాలుకకు తగిలితే అన్ని రుచుల్లోకీ ఎక్కువ ఊట వస్తుంది. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో నడిస్తే కళ్ళతో పాటు నోరూ ఊరుతుంది, అది రుచి దారి కాదు, మంటను మోసే నరాల దారి. నమలడం కూడా పెద్ద ప్రేరణ. ఒక పక్కనే నమిలితే ఆ పక్క పెరోటిడ్ ఎక్కువ ఊరిస్తుంది. మెత్తటి, నీళ్ళ తిండే పెట్టి పెంచిన ఎలుకల్లో పెరోటిడ్ చిక్కిపోయింది, నరం కబురు అందకపోతే గ్రంథి కండరం లాగే క్షీణిస్తుంది. జొన్నరొట్టె, సకినాలు నమలగలిగినన్నాళ్ళు నమలాలని మా ఇంట్లో పెద్దవాళ్ళతో అంటుంటాను.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. సింపథెటిక్ నరం ఊరించేదే అయితే భయంలో నోరెందుకు పిడచకట్టుకుపోతుంది?

జవాబు గ్రంథి దగ్గర లేదు, మెదడులో ఉంది. మెదడు కాండంలో రెండు లాలాజల కేంద్రాలున్నాయన్నాం. వాటికి కింది నుంచి రుచి, నమలడం కబుర్లు వస్తాయి. పై నుంచి, అంటే భయాన్ని, ఆలోచనను నడిపే భాగాల నుంచి కూడా కబుర్లు వస్తాయి. వాటిలో ఉసిగొల్పేవీ ఉన్నాయి, అణచేవీ ఉన్నాయి. భయపడ్డప్పుడు పై నుంచి అణచే కబురు దిగి, ఆ కేంద్రాలు మూగబోతాయి. పారాసింపథెటిక్ తీగలో హుకుం రావడం తగ్గుతుంది, మోటారు ఆగుతుంది. అంటే ఎవరో వచ్చి మోటారును బంద్ చేయలేదు, స్విచ్ మీది చెయ్యే పక్కకు జరిగింది. సింపథెటిక్ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే టెన్షన్‌లో మిగిలిన ఆ కాస్త ఉమ్మి చిక్కగా, జిగటగా, నాలుకకు అంటుకుపోయినట్టు ఉంటుంది. ఒత్తిడి మీద పరిశోధన చేసేవాళ్ళు ఉమ్మిలో అమైలేజ్‌ను కొలిచేది కూడా ఇందుకే, ఒత్తిడిలో అది పెరుగుతుంది. సింపథెటిక్ నరం గ్రంథిని మూసేసేదే అయితే అది పెరిగే వీలే లేదు. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్ళలో ఊట పరిమాణం పెద్దగా మారకుండా ప్రొటీన్ తగ్గడం కూడా ఇదే మాట చెప్తుంది.

ఈ నోరెండడాన్ని నేరానికి సాక్ష్యంగా తీసుకున్న కాలం ఒకటుంది. మన పాత ధర్మశాస్త్రాల్లోని దివ్యపరీక్షల్లో తండుల దివ్యం ఒకటి. దొంగతనం అనుమానం ఉన్న మనిషి చేత బియ్యం నమిలించి ఉమ్మించేవారు. ఉమ్మిన దాంట్లో రక్తం కనిపించినా, ఒళ్ళు వణికినా దోషి అనేవారు. పొడి బియ్యం పొడి నోట్లో నమిలితే చిగుళ్ళు గీరుకోక ఏం చేస్తాయి? మెదడు కాండానికి దొంగ భయం, అమాయకుడి భయం అని తేడా తెలియదు. ఊరంతా చుట్టూ చేరి చూస్తుంటే ఏ తప్పూ చేయనివాడి నోరు కూడా అంతే ఎండుతుంది. ఎంతమంది పేదవాళ్ళు ఇట్లా బలైపోయి ఉంటారో అని ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇదంతా నాకు పుస్తకంలో పాఠంగా కన్నా ముందు మా ఇంట్లో కష్టంగా తెలిసింది. నేను డిగ్రీ చదివే రోజుల్లో, పరకాల వైపు మా ఊర్లో, మా చిన్నాయిన పత్తి చేనుకు మందు కొట్టి వచ్చాడు. పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా పంపు భుజానికే ఉంది. గాలికి ఎదురు నడిచాడు, మూతికి గుడ్డ లేదు, అంగీ తడిసి ఒంటికి అంటుకుంది. ఇంటికొచ్చి గడపలో కూర్చుంటూనే "కండ్లు మసక కొడుతున్నయిరా" అన్నాడు. కాసేపటికి నోట్లోంచి చొంగ మొదలైంది. తుడిచిన కొద్దీ వస్తోంది. కళ్ళల్లో నీళ్ళు, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత. ఊపిరి తీస్తుంటే లోపల గురగుర. చిన్నమ్మ పైట కొంగుతో మూతి తుడుస్తూనే ఉంది, కొంగు తడిసిపోయింది.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు ఆర్గానోఫాస్ఫేట్ల జాతి. నరం కొస నుంచి వచ్చిన ఎసిటైల్‌కొలిన్‌ను క్షణాల్లో ముక్కలు చేయడానికి మన ఒంట్లో ఒక ఎంజైము ఉంది, దాని ఒక్కొక్క అణువు సెకనుకు వేల అణువుల్ని విరుస్తుంది. ఈ మందులు సరిగ్గా ఆ ఎంజైమునే పట్టుకుని పనిచేయకుండా చేస్తాయి. అప్పుడు వచ్చిన ఎసిటైల్‌కొలిన్ వచ్చినట్టే పోగవుతుంది, స్విచ్ వేసింది వేసినట్టే ఉండిపోతుంది. లాలాజల గ్రంథి, కన్నీటి గ్రంథి, చెమట గ్రంథి, పేగులు అన్నీ ఒక్కసారే పొంగుతాయి. నోట్లో చొంగ కంటికి కనిపిస్తుంది కాబట్టి మనం దానికే భయపడతాం. ప్రాణం తీసేది ఊపిరితిత్తుల్లో ఊరే అదే రకం నీరు, దానికి తోడు ఊపిరి కండరాలు చచ్చుబడటం. చొంగ లోపలి సంగతి చెప్పే గుర్తు.

ఆ రోజు పక్కింటి పెద్దమనిషి ఒకాయన చెప్పి మా చేత మంచి పనులు చేయించాడు. తడిసిన బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్ళు, జుట్టు కడిగించాడు. మేం చేతులకు కవర్లు కట్టుకున్నాం. కక్కించే ప్రయత్నం చేయనివ్వలేదు. మందు సీసా వెంట పెట్టించి, పక్కకు తిప్పి పడుకోబెట్టించి వరంగల్ ఆసుపత్రికి బండెక్కించాడు. పత్తి పండే ప్రతి ఊర్లోనూ ఇవన్నీ ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

ఆసుపత్రిలో ఎట్రోపిన్ ఇచ్చారు. అది ఎసిటైల్‌కొలిన్ కూర్చోవలసిన మస్కరినిక్ గ్రాహకంలో తానే కూర్చుంటుంది. బయట ఎంత ఎసిటైల్‌కొలిన్ పోగైనా లోపలికి కబురు పోదు, కాల్షియం కదలదు, నీరు ఊరదు. మామూలుగా ఒక ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. ఇలాంటి విషం కేసుల్లో దానికి ఎన్నో రెట్లు, కొద్ది నిమిషాలకోసారి మోతాదు పెంచుకుంటూ, ఊపిరితిత్తులు పొడిబారి గుండె వేగం అందుకునేదాకా ఇస్తారు. ఎట్రోపిన్ కండరాల నీరసాన్ని మాత్రం తగ్గించలేదు, అక్కడి గ్రాహకాలు వేరే రకం. అందుకే గురగుర తగ్గిన తర్వాత కూడా రోగిని కొన్ని రోజులు కనిపెట్టుకుని ఉంటారు.

మన పెంటకుప్పల మీద పెరిగే ఉమ్మెత్తలో ఉండేవి కూడా ఈ ఎట్రోపిన్, దాని చుట్టాలే. పిల్లలు తెలియక ఆ గింజలు నమిలితే పురుగుమందు తాగినవాళ్ళకు పూర్తిగా ఎదురు లక్షణాలు వస్తాయి. నోరు కట్టెలా ఎండుతుంది, చెమట పట్టదు, ఒళ్ళు కాలుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, లేనివి కనిపిస్తాయి. ఒకే గ్రాహకం, ఒక విషం దాన్ని తెరిచి పెడితే ఇంకో విషం మూసేస్తుంది.

ఇంత తీవ్రంగా కాకపోయినా ఇదే పని నిదానంగా చేసే మాత్రలు చాలా ఇళ్ళలో ఉన్నాయి. నరాల నొప్పికి, నిద్రకు ఇచ్చే ఎమిట్రిప్టిలిన్, జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, మాటిమాటికీ మూత్రం వస్తోందని ఇచ్చే ఆక్సిబ్యూటినిన్ ఇవన్నీ మస్కరినిక్ గ్రాహకాన్ని ఎంతో కొంత అడ్డుకుంటాయి. ముసలితనంలో నోరెండడం సహజమేనని చాలామంది ఊరుకుంటారు. చాలాసార్లు అది వయసు కన్నా మాత్రల పనే. లాలాజలం తగ్గితే పళ్ళ మొదళ్ళు పుచ్చుతాయి, నోట్లో బూజు పడుతుంది, కట్టుడు పళ్ళు గీరుతాయి, అన్నం ముద్ద దిగదు. మాత్ర సొంతంగా ఆపకూడదు కానీ, నోరెండుతోందన్న మాట డాక్టరుకు చెప్పాలి, వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని చూపించాలి. షోగ్రెన్ జబ్బు లాంటి వాటిలో గ్రంథి కణాలే దెబ్బతింటాయి. అప్పుడు మిగిలిన కణాల మస్కరినిక్ గ్రాహకాన్ని తట్టి లేపే పైలోకార్పిన్ మాత్రలు కొందరికి పనిచేస్తాయి.

చిన్నాయిన విషయానికొస్తే, ఎట్రోపిన్ ఎక్కాక చొంగ ఆగింది. గొంతు బొంగురుపోయింది, నాలుక గరుకు రాయిలా అయింది. దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతూ రాత్రంతా మాట్లాడాడు. చిన్నమ్మ భయపడి ఏడుస్తుంటే, ఆ మందు ప్రభావం అట్లనే ఉంటుంది, తగ్గుతుందని నర్సమ్మ ధైర్యం చెప్పింది. తడి దూదితో పెదాలు అద్దడమే ఆ రెండు రోజులు మా పని. తర్వాత మోతాదు తగ్గించుకుంటూ వచ్చారు. తినొచ్చని డాక్టరు చెప్పిన రోజు, చిన్నమ్మ ఇంటి నుంచి తెచ్చిన మెత్తటి అన్నంలో చింతకాయ తొక్కు ఇంత కలిపి, చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టింది. చిన్నాయిన వెంటనే నమలలేదు. ఒక్క నిమిషం నోట్లోనే పెట్టుకుని ఉండి, చెవి కింద చెయ్యి పెట్టుకుని, "గుంజుతున్నదిరా, నీళ్ళూరుతున్నయి" అన్నాడు.